మసకైపోయిన పిన్ని

పెళ్లయిన నాలుగు నెలలకి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఆల్బమ్ ఎప్పుడో ఇచ్చేశాను, డబ్బులూ ముట్టాయి, ఇంక గొడవేముంటుందిలే అనుకుని ధైర్యంగానే తీశాను.

"అన్నా, మా పిన్ని ఫొటో మంచిది ఒక్కటి కావాలి. ఆవిడ దూరం వెళ్లిపోతోంది, ఫ్రేము కట్టించి ఇద్దామని. నన్ను పెంచింది ఆవిడే కదా."

ఆ 'కదా' దగ్గర నాకు చెమట పట్టింది. పెంచిన సంగతి దేవుడెరుగు, పిన్ని ఎవరో కూడా నాకు తెలీదు.

"ఆ రోజు ఏ రంగు బట్టల్లో ఉన్నారమ్మా ఆవిడ?"

"ఆకుపచ్చ. రోజంతా నా వెనకే ఉంది అన్నా, మీరు చూసే ఉంటారు."

హార్డ్ డిస్క్ తగిలించి కూర్చున్నాను. రెండు వేల చిల్లర ఫొటోల్లో పిన్ని నలభై మూడింటిలో ఉంది. పెళ్లికూతురి భుజం వెనక, చెవి పక్కన, ఒక్కోసారి ఇద్దరి తలల మధ్య సందులో. ప్రతిదాంట్లోనూ ఆవిడ ఒక ఆకుపచ్చ మరక. ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు ముద్ద. ఒకే ఒక్క గ్రూప్ ఫొటోలో స్పష్టంగా పడింది, అందులో కళ్లు మూసుకుంది.

ఆ పెళ్లి నెల్లోనే కొన్నాను 85 ఎం.ఎం. ఎఫ్ 1.4 లెన్సు. కొత్త చెప్పులు కొన్న పిల్లాడు మంచం మీద కూడా విప్పనట్టు, పెళ్లంతా దాన్ని విప్పలేదు. అపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే కన్నం, 1.4 నుంచి కదపలేదు. ఆ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది, వెనకంతా అంత మసక. కెమెరా వెనక తెరమీద ఒక్కో ఫొటో చూసుకుని నాలో నేనే మురిసిపోయాను. వెనకంతా వెన్నలా కరిగిపోయింది. ఆ వెన్నలోనే పిన్ని కూడా కరిగిపోయిందని నాలుగు నెలల తర్వాత గానీ తెలీలేదు.

పెళ్లికి ఏ లెన్సు కొనాలని ఎవరడిగినా అప్పటినుంచీ నా జవాబు మారిపోయింది. ఇదివరకు 85 అనేవాణ్ణి. ఇప్పుడు 35 అంటాను. ఈ ఎం.ఎం. అంకె పెరిగేకొద్దీ లెన్సు చూపు ఇరుకవుతుంది, మనిషి పెద్దగా పడతాడు. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కాదనేవాళ్లు చాలామంది ఉంటారని తెలుసు, వాళ్లలో సగం మంది నా స్నేహితులే.

కొంచెం లెక్క చెప్తాను, పారిపోకండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి, అంటే వెలుగు పట్టే సెన్సర్ పెద్దగా ఉన్నదానికి, 85 తగిలించి, ఎఫ్ 1.4లో పెట్టి, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేశారనుకోండి. స్పష్టంగా వచ్చే మందం ముందూ వెనకా కలిపి నాలుగున్నర సెంటీమీటర్లు. ముక్కు కొస నుంచి చెవి దాకా ఉన్న దూరంలో అది సగం కూడా రాదు. కంటి మీద ఫోకస్ కుదిరితే చెవి అప్పటికే మెత్తబడుతుంది. మరి మీటరున్నర వెనక నిలబడ్డ పిన్ని గతేంటి? ఫోకస్‌లో లేని వెలుగు చుక్క సెన్సర్ మీద చుక్కలా పడదు, గుండ్రటి బిళ్లలా పరుచుకుంటుంది. ఇక్కడ ఆ బిళ్ల వెడల్పు సుమారు 1.15 మిల్లీమీటర్లు. అదే సెన్సర్ మీద పిన్ని రెండు కళ్ల మధ్య దూరమే 1.5 మిల్లీమీటర్లు. ఇంక కన్నూ ముక్కూ పెదవీ ఒకదానిమీద ఒకటి పరుచుకోక ఏం చేస్తాయి? అలా తయారైందే ఆ గోధుమరంగు ముద్ద.

నేను అక్కడే నిలబడి, 85 బదులు 35 ఎం.ఎం. పెట్టి, ఎఫ్ 2లో తీసి ఉంటే? బిళ్ల 0.13 మిల్లీమీటర్లకి పడిపోయేది. పిన్ని కూడా ఫొటోలో చిన్నదయ్యేది, నిజమే, కళ్ల మధ్య దూరం 0.63 మిల్లీమీటర్లే ఉండేది. అయినా మసక ఆ దూరంలో ఐదో వంతే. ముఖం కాస్త మెత్తగా ఉంటుంది గానీ మనిషిని పోల్చుకోవచ్చు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలుస్తుంది. ఫ్రేము కట్టించుకునేంత కాకపోయినా, "ఇదిగో పిన్ని" అని వేలు పెట్టి చూపించుకునేంత.

ఇక్కడ నా స్నేహితుడొకడు అడ్డుపడతాడు. ఎప్పుడూ పడతాడు. "85 కొని ఎఫ్ 5.6కి మూసుకుని తియ్యి, ఎవడొద్దన్నాడు? లెన్సు మీద పడి ఏడవడం దేనికి?" వాడి మాటలో న్యాయం ఉంది. 85ని 5.6కి మూస్తే పిన్ని ముఖం మీద మసక సరిగ్గా అదే ఐదో వంతుకి దిగుతుంది, లెక్క వేసి చూశాను. కానీ ఎఫ్ 2 లోపలికి రానిచ్చే వెలుగులో ఎనిమిదో వంతే ఎఫ్ 5.6 రానిస్తుంది. ఐఎస్ఓ అంటే చాలని వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె, అది పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది. హాల్లో ఎఫ్ 2కి ఐఎస్ఓ 1600 చాలిన చోట, అదే షట్టర్ వేగానికి 5.6కి 12800 కావాలి. పెళ్లి హాల్లో వెలుగు మనం అడిగినంత ఉండదు. ఉన్నా రంగురంగుల ఎల్‌ఈడీలు ముఖాల మీద పడుతుంటాయి. అంటే 85తో వెనకున్నవాళ్లని దక్కించుకోవాలంటే వెలుగు చాలదు, వెలుగు చూసుకుంటే వెనకున్నవాళ్లు దక్కరు. 35తో ఈ రెండూ ఒకదాంతో ఒకటి అంతగా పోట్లాడవు. జంటకి ఇంకా దగ్గరికి, మీటరు దూరానికి వెళ్తే 35తో కూడా మసక పెరుగుతుంది. అప్పుడు ఎఫ్ 4కి మూస్తాను, మళ్లీ ఐదో వంతుకి వచ్చేస్తుంది.

అపర్చర్ గొడవ అలా ఉంచినా, లెన్సు పొడవు, అంటే ఆ ఎం.ఎం. అంకె, దగ్గర ఇంకో తంటా ఉంది. 85 ఎం.ఎం.లో పట్టే వెడల్పు మీరు నిలబడ్డ దూరంలో 0.42 వంతు. రెండు మీటర్ల నుంచి తీస్తే 85 సెంటీమీటర్లు కూడా పట్టవు. రెండు తలలు, రెండు భుజాలు, అయిపోయింది. పక్కన ఎవరున్నారన్న ప్రశ్నే లేదు, వాళ్లు ఫ్రేములోకే రారు. 35 మాత్రం ఎంత దూరంలో నిలబడితే అంత వెడల్పు పడుతుంది. రెండు మీటర్లకి రెండు, అయిదుకి అయిదు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే హాల్లోకి అడుగు పెట్టగానే ఎక్కడ నిలబడాలో కాళ్లకే తెలిసిపోతుంది. 24 అయితే దూరానికి ఒకటిన్నర రెట్లు, 50 అయితే ముప్పావు కంటే కాస్త తక్కువ, 200 అయితే ఐదో వంతు కూడా కాదు. నేను ఈ అంకెల్ని చిన్న చీటీ మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకుని రెండేళ్లు తిరిగాను. సిగ్గేం లేదు.

క్రాప్ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్, ఉన్నవాళ్లకి 23, 24 ఎం.ఎం. దాదాపు ఇదే చూపు ఇస్తుంది.

మసక మీద ఇంత మోజు మొదట్నుంచీ ఉన్నదేమీ కాదు. వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ 1840లో మనుషుల ఫొటోల కోసమని లెక్కలు గట్టి ఒక లెన్సు రూపొందించాడు. ఫోక్ట్‌లెండర్ కంపెనీ వాళ్లు తయారుచేశారు. దాని అపర్చర్ సుమారు ఎఫ్ 3.6. అంతకు ముందు వాడుతున్న లెన్సులు ఎఫ్ 16 దరిదాపుల్లో ఉండేవి. అంటే ఒక్కసారిగా ఇరవై రెట్ల వెలుగు. అప్పట్లో ఫొటోకి కూర్చున్నవాళ్లు నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి, ఆ బాధ తగ్గించడానికే ఇంత శ్రమా. అంచుల్లో వచ్చే మసక ఆ లెన్సుకి లోపం, వెలుగు కోసం ఓర్చుకున్న లోపం. ఈ రోజుల్లో సుళ్లు తిరిగే ఆ మసక కోసమే దాన్ని మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారు! లోపం కాస్తా ముచ్చటయింది. పెద్ద అపర్చర్ ఉన్న లెన్సు మనకి ఇప్పటికీ పనికొచ్చేది పెట్జ్‌వాల్ చేసిన పనికే, మనిషి కదిలేలోగా పట్టుకోడానికి. పెళ్లిలో ఎవరూ మనకోసం ఆగరు. చెయ్యి ఊపుతారు, ఉలిక్కిపడతారు, పడీపడీ నవ్వుతారు. సెకనులో రెండువందలో వంతు షట్టర్ వేగం ఉంటేగానీ ఆ చెయ్యి నిలవదు. లెన్సులో స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు కొందరు. అది మన చేతి వణుకునే ఆపుతుంది, పెళ్లికొడుకు చేతిని ఆపలేదు.

బొకే అని ఫొటోగ్రాఫర్లు ఈ మసకని ముద్దుగా పిలుస్తారు. పూల బొకేని కూడా బొకే అనే అంటాం కదా. ఒకసారి నా అసిస్టెంటు కుర్రాడితో "బొకే బాగా రావాలిరా" అంటే, వాడు వెళ్లి ఎవరి చేతిలోనో ఉన్న పూలగుత్తి తెచ్చి పెళ్లికూతురి పక్కన పెట్టాడు. అప్పుడు తిట్టాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తే వాడికి అర్థమైన బొకేకి పెళ్లిలో ఎక్కువ పనుంది.

85కి నేను పూర్తిగా శత్రువుని కాను. దాని బలం నాకు తెలుసు. పెళ్లి జంటని పక్కకి తీసుకెళ్లి ప్రత్యేకంగా తీసే అరగంటలో దాన్ని మించింది లేదు. ఆ అరగంటలో చుట్టూ ఎవరూ ఉండరు, ఎవర్నీ చెరిపేసే భయం లేదు. అలాగే కొన్ని హాళ్లలో వెనక నిచ్చెనలు, వేలాడే తీగలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఎగ్జిట్ బోర్డు. వాటిని కరిగించి మన పరువు కాపాడేది ఆ 1.4 మసకే. తీగ ఏదో మనిషి ఏదో లెన్సుకి తెలీదు, తీసేవాడికి తెలియాలి. ఆ రోజు నాకు తెలీలేదు, అంతే.

కస్టమర్లు అలాంటి ఫొటోలే అడుగుతున్నారన్నది ఇంకో వాదన. అడుగుతారు. ఫోన్లో చూపించి మరీ అడుగుతారు. ఎందుకంటే ఫోన్లో వాళ్లు చూసేది వేరేవాళ్ల పెళ్లి. వేరేవాళ్ల పెళ్లిలో వెనకున్న పిన్ని మనకెందుకు? మసకగా ఉంటేనే అందం. తమ ఆల్బమ్ చేతికొచ్చాక చూసే తీరు వేరు. ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు కాసేపు కూర్చుని గమనిస్తుంటాను. జంట ముఖాలని మొదటి పది పేజీలు చూస్తారు. ఆ తర్వాత వేళ్లన్నీ వెనక్కి పోతాయి. "ఇదెవరు? వీడప్పుడు ఇంత సన్నగా ఉన్నాడా? అదిగో చూడు, వెనక ఆవలిస్తోంది." పేజీ తిప్పడం ఆగిపోయేది అక్కడే.

గ్రూప్ ఫొటోల దగ్గర అందరూ చేసే తప్పు దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. చోటు చాలక 24 ఎం.ఎం. పెట్టి, ఉన్నచోటు నుంచి కదలకుండా అందర్నీ ఇరికించేస్తారు. వైడ్ లెన్సు అంచుల దగ్గర గుండ్రటి తలని పక్కకి సాగదీస్తుంది. 24లో ఫ్రేము అంచున ఉన్న తల నాలుగో వంతు ఎక్కువ వెడల్పుగా పడుతుంది. 35లో ఆ సాగుడు ఎనిమిదో వంతు, 50లో ఆరు శాతం. అంచున నిలబడేవాళ్లు మామూలుగా ఎవరు? చివర్లో పరుగున వచ్చినవాళ్లు, మొహమాటస్తులు, కాస్త ఒళ్లున్నవాళ్లు. వాళ్లనే ఇంకా లావు చేసి చూపిస్తే ఆ ఫొటో గోడెక్కదు. పదిమంది వరసకి అయిదు మీటర్లు కావాలి, 35తో అయిదు మీటర్ల పైన వెనక్కి జరగాలి. గోడ అడ్డొస్తే రెండు వరసలు చేయండి, అంతేగానీ 24కి పోకండి. రెండు వరసలైనా ఎఫ్ 5.6 చాలు. అంత దూరంలో 35కి లోతు పుష్కలంగా ఉంటుంది.

మరి ఉన్నది ఒకే లెన్సుకి డబ్బులైతే? నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. అన్ని జూముల్లోనూ ఎఫ్ 2.8 ఇచ్చే 24-70 కొనండి, క్రాప్ కెమెరాకైతే 17-50, 18-50 లాంటివి. పాతదైనా సరే. చూడ్డానికి దాంట్లో మెరుపేమీ ఉండదు, అద్దె ఇంటి కిటికీలా ఉంటుంది. కానీ పెళ్లిలో నిలబడే చోటు మన చేతిలో ఉండదు. ఒకడు ముందుకొచ్చి ఫోను ఎత్తుతాడు, వీడియో కుర్రాడు ట్రైపాడ్ జరుపుతాడు, మీరు నిలబడ్డ అడుగు మీది కాకుండా పోతుంది. కాళ్లకి దారి లేనప్పుడు జూమే కాళ్లు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సుతో చిక్కల్లా ఒకటే. అది 18 దగ్గర 3.5గా ఉండి, 55కి వెళ్లేసరికి 5.6 అయిపోతుంది. జూమ్ చేస్తుంటే వెలుగు రెండున్నర రెట్లు పడిపోతుంది. మాన్యువల్లో, అంటే అన్నీ తానే సెట్ చేసుకుని, తీసేవాడు ఆ సంగతి మర్చిపోతే చీకటి ఫొటోలే.

దగ్గరికి రానివ్వని చోట్లుంటాయి. హాలు వెనకాలే నిలబడమంటారు, అక్కడి నుంచి కదలొద్దంటారు. అక్కడ 70-200 ఎఫ్ 2.8 లేకుండా పని జరగదు. పదిహేను మీటర్ల నుంచి 200లో రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది, కెమెరాని నిలువుగా తిప్పితే జంట నిలువెల్లా సుఖంగా సరిపోతుంది. కానీ కొనకండి, అద్దెకి తీసుకోండి. లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలకి కానన్ చేసిన రకం మూడో వెర్షను 1480 గ్రాములు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి వచ్చినవి తేలికపడ్డాయి, కానన్‌ది 1070, సోనీ రెండో వెర్షను 1045. నాలుగు వందల గ్రాములు ఎంతలే అని ఉదయం అనిపిస్తుంది. సాయంత్రం మణికట్టుని అడగండి.

ఈ మధ్య ఇంకో రకం లెన్సులు వచ్చి నా వాదనకే నీళ్లొదులుతున్నాయని ఒప్పుకోవాలి. టామ్రాన్ 2021లో 35-150 తెచ్చింది, ఒక చివర ఎఫ్ 2, ఇంకో చివర 2.8. కానన్ 2018లోనే 28-70 మొత్తానికీ ఎఫ్ 2 ఇచ్చింది గానీ దాని బరువు 1430 గ్రాములు. సోనీ 2024లో అలాంటిదే 918 గ్రాములకి దించింది. జూమ్ లేని ప్రైమ్ లెన్సు వెలుగు, జూమ్ లెన్సు సౌకర్యం ఒకే గొట్టంలో. ఎవరైనా ఇప్పిస్తే నేను వద్దననుగాక వద్దనను. కానీ ఒకే లెన్సు మీద పెళ్లంతా మోపడం నాకు భయం. ఒకసారి రద్దీలో నా మోచెయ్యి ఎవరికో తగిలి, లెన్సు స్తంభానికి కొట్టుకుని ఆటోఫోకస్ బిగుసుకుపోయింది. సంచిలో ఉన్న 50 ఎం.ఎం. ఎఫ్ 1.8తో మిగతా మూడు గంటలూ లాగించాను. 160 గ్రాముల ప్లాస్టిక్ ముక్క. ఎంత సంపాదించినా దాన్ని సంచిలోంచి తియ్యను.

బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సు గురించి కూడా అడుగుతారు. చిన్నచిన్న నగలు నిండుగా రావాలంటే మాక్రో లెన్సు బాగుంటుంది, కానీ ఏడెనిమిది ఫొటోల కోసం లెన్సు కొనక్కర్లేదు. ఉన్న 50కే, కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం, ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ తగిలిస్తే సరిపోతుంది.

పిన్ని సంగతి సగంలో వదిలేశాను కదూ.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలీక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు అసిస్టెంటు కుర్రాడు, అదే పూలగుత్తి మహానుభావుడు, వాడి పాత క్రాప్ కెమెరా కార్డు ఖాళీ చేసుకోడానికి వచ్చాడు. ఆ పెళ్లిలో వాడి పని లైటు పట్టుకోవడమే. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా కిట్ లెన్సు 18 దగ్గర పెట్టి, ఫ్లాష్ కొట్టి, 5.6లో సరదాకి తీసుకున్నాడట. మొత్తం అరవై ఫొటోలు. ఫ్లాష్ నీడలు గోడ మీద నల్లగా పడ్డాయి, కంపోజిషన్ గురించి మాట్లాడకపోవడం మంచిది. కానీ కిట్ లెన్సు 18లో, 5.6లో ఉంటే ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ అందరూ స్పష్టమే. పిన్ని పదకొండింటిలో ఉంది. ఒకదాంట్లో పెళ్లికూతురి భుజం మీద జారిన బట్ట సర్దుతూ, పెదవి కొరుక్కుంటూ, కళ్లు నిండా నీళ్లతో ఉంది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

దాన్నే కత్తిరించి, నీడలు కాస్త తగ్గించి పంపాను. "ఇది మీరు తీశారా అన్నా?" అనడిగింది. మా కుర్రాడు తీశాడని చెప్పాను. ఆ అమ్మాయి వాడికి విడిగా మెసేజ్ పెట్టిందని తర్వాత తెలిసింది, ఏం పెట్టిందో వాడు చెప్పలేదు.

ఇప్పుడు నా మెడలో రెండు కెమెరాలు వేలాడుతుంటాయి. ఒకదానికి 35, ఇంకోదానికి 24-70. సంచి అడుగున 50. 85 ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది, జంట ఫొటోల అరగంట ఉన్న రోజున బయటికొస్తుంది.

కుర్రాడేమో ఈ మధ్య సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నాడు. మొన్న వచ్చి, "అన్నా, 85 1.4 కొందామనుకుంటున్నా, ఆ మసక నాకు తెగ నచ్చింది" అన్నాడు. ఈ కథంతా వాడి కళ్లముందే జరిగింది, వాడి ఫొటోలతోనే నేను బయటపడ్డాను, అయినా సరే 85 కావాలట. నా దగ్గరున్నదే తీసుకోరా అన్నాను. బేరం ఇంకా తెగలేదు.